టెక్ సందేహాలు: ట్యూబ్ ఫోనో ప్రీయాంప్‌లో ముందు ఏది మార్చాలి?

ప్రశ్న: నాన్నగారి పాత ఎల్పీలు వినడానికి టర్న్‌టేబుల్ కొన్నాను. రెండు 12ఏఎక్స్7 ట్యూబులున్న ఫోనో ప్రీయాంప్ (టర్న్‌టేబుల్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచి యాంప్‌కి ఇచ్చే పెట్టె) సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. పాట బాగానే ఉంది కానీ వాల్యూమ్ పెంచితే 'మ్మ్మ్' అని హమ్, పైగా బేస్ పల్చగా ఉంది. పాత మల్లార్డ్ బ్రాండ్ ట్యూబులు, ఖరీదైన కెపాసిటర్లు వేస్తే సెట్ అవుతుందా? బడ్జెట్ 15 వేలు. (ఓ పాఠకుడు, విజయవాడ)

ఆ 15 వేలు జేబులోనే ఉంచుకోండి సార్, ముందు పైసా ఖర్చు లేని పనులు చేద్దాం. రికార్డు కట్ చేసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కట్ చేస్తారు, 1954లో స్టాండర్డ్ అయిన ఆర్ఐఏఏ కర్వ్ అంటే అదే, ప్లే చేసేటప్పుడు మీ ప్రీయాంప్ దాన్ని ఉల్టా చేసి బేస్ పెంచుతుంది. మన కరెంటేమో 50 హెర్ట్జ్. సరిగ్గా అక్కడ 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ని పెంచడం) ఉంటుంది, కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ చూస్తే 4, 5 మిల్లీవోల్టులు, ఇంక హమ్ రాక ఏమొస్తుంది. అందుకే ఫోనోలో అప్‌గ్రేడ్ అంటే నా లెక్కలో ముందు నిశ్శబ్దం, ఆ తర్వాతే మల్లార్డూ గిల్లార్డూ.

పాత ఆర్‌సీఏ ప్లగ్గులు రెండు తీసుకుని లోపలి పిన్నుని బయటి రింగుకి టంకం పెట్టేయండి. వాల్యూమ్ జీరో చేసి, టర్న్‌టేబుల్ కేబుల్ పీకి ఇవి గుచ్చి, మెల్లగా పెంచి వినండి. హమ్ పోయిందా, గొడవ బయటుంది: ఎర్త్ వైరు లూజు, లేదా కేబుల్ ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచి పోతోంది. పోకపోతే లోపలే. మెత్తగా 'మ్మ్' అంటే 50 హెర్ట్జ్, ట్యూబ్‌ని లోపల వేడెక్కించే హీటర్ వైపు చూడాలి. 'జ్జ్జ్' అని గరగరలాడితే 100 హెర్ట్జ్, పవర్ సప్లైలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించండి, సెకండ్ హ్యాండ్ పీస్ అంటున్నారు కాబట్టి నేనైతే అవి ఎలాగూ మార్పిస్తాను.

హీటర్‌కి ఏసీ ఇస్తుంటే డీసీకి మార్చడమే మీరు చేయగలిగిన బెస్ట్ మార్పు. 12ఏఎక్స్7కి 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులు కావాలి, ట్యూబ్‌కి 150 మిల్లీ యాంప్స్, 9వ పిన్ను వదిలేయాలి. 7812 రెగ్యులేటర్ (నిలకడగా 12 వోల్టులిచ్చే చిప్) గ్రౌండ్ కాలు కింద ఒక మామూలు డయోడ్ పెడితే 12కి 0.6 కలిసి సరిగ్గా 12.6 వస్తుంది, హీట్ సింక్ మాత్రం తప్పనిసరి. దీనికి 15 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ విడిగా పెట్టుకోండి. ఈ సామానంతా కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో దొరికేదే.

ఇక బేస్ సంగతి. అవుట్‌పుట్‌లో ఉన్న కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి పాటని మాత్రం బయటికి పంపేది) విలువ చూడండి, బ్రాండ్ కాదు. 0.22 మైక్రోఫారాడ్ ఉండి మీ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 10 కిలో ఓమ్‌లైతే 72 హెర్ట్జ్ దగ్గరే బేస్ పడిపోవడం మొదలవుతుంది, ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువుండే పాత ట్యూబ్ యాంప్‌కైతే అదే కెపాసిటర్ సరిపోయేది. 1 మైక్రోఫారాడ్ పాలీప్రొపిలీన్ వేస్తే 16 హెర్ట్జ్‌కి దిగుతుంది, వోల్టేజ్ రేటింగ్ 400 గానీ 630 గానీ తీసుకోండి. అలాగని 5, 10 వేసేయకండి, వంకర తిరిగిన రికార్డు పెట్టినప్పుడు వూఫర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

ఒక్క మాట, ఇది సీరియస్‌గా తీసుకోండి: లోపల 250, 300 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరత్వం వద్దు. 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మల్టీమీటర్‌లో 10 వోల్టుల లోపు చూశాకే చెయ్యి పెట్టండి. అలవాటు లేకపోతే మీ ఊళ్లో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన ఎవరైనా ఉన్నారేమో వాకబు చేయండి.

ట్యూబులా? పెన్సిల్‌తో మెల్లగా తట్టి చూడండి, స్పీకర్‌లో 'టింగ్' అని ఎక్కువగా మోగేది మైక్రోఫోనిక్, దాన్ని మొదటి స్టేజ్‌లో ఉంచొద్దు. కొనాలంటే మామూలు జేజే బ్రాండ్ చాలు. బెంగళూరు బీఈఎల్‌లో ఒకప్పుడు తయారైన ఈసీసీ83లు (12ఏఎక్స్7కే ఇంకో పేరు) మన పాత కొట్లలో ఇంకా తగులుతుంటాయి, టెస్ట్ చేసి ఇస్తానంటే తీసుకోండి, లేదంటే వద్దు.

ప్రశ్న: ట్రెబుల్ చెవిలో గుచ్చుకుంటోంది. 12ఏఎక్స్7 తీసి 12ఏటీ7 పెడితే మెత్తబడుతుందట, నిజమేనా? (ఓ పాఠకురాలు, హైదరాబాద్)

పిన్నులు సరిపోతాయి గానీ పెట్టకండి అమ్మా. చాలా సర్క్యూట్లలో ట్యూబ్ లోపలి రెసిస్టెన్స్ కూడా ఆర్ఐఏఏ లెక్కలో భాగమే, 12ఏటీ7ది చాలా తక్కువ, కర్వ్ మొత్తం పక్కకి పోతుంది. గెయిన్ తగ్గించాలంటే 5751 వేయండి, దాని మ్యూ (ట్యూబ్ ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) 100కి బదులు 70, లోపలి రెసిస్టెన్స్ దాదాపు అంతే. కానీ మీ కేసులో దోషి ట్యూబ్ కాదనుకుంటా, కెపాసిటెన్స్. ఆడియో టెక్నికా వీఎం95ఈ లాంటి కార్ట్రిడ్జ్ అడిగేది 100 నుంచి 200 పీకోఫారాడ్లే, మొదటి ట్యూబ్ ఒక్కటే మిల్లర్ ఎఫెక్ట్ (ట్యూబ్ లోపలి చిన్న కెపాసిటెన్స్ గెయిన్ వల్ల పెద్దదిగా కనబడటం) వల్ల 100 దాకా కలుపుతుంది, కేబుల్ ఇంకో 100, ఆ పైన బోర్డు మీద ఇన్‌పుట్ దగ్గర ఇంకో చిన్న కెపాసిటర్ కూర్చుని ఉంటుంది. 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పక్కనే చూడండి, ఆ కెపాసిటర్ ఉంటే పీకేయండి, కేబుల్ పొట్టిది వాడండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో దొరికే చిన్న 6జే1 ట్యూబుల ఫోనోకి 12ఏఎక్స్7 పెట్టొచ్చా? (ఓ స్టూడెంట్, వరంగల్)

కుదరదు తమ్ముడూ, దానికి 7 పిన్నులు, దీనికి 9. 6ఏకే5, 5654 అయితే దిగుతాయి, అయినా కొన్నింట్లో అసలు పని ఆప్ యాంప్ అనే చిప్ చేస్తుంటే ట్యూబ్ ఊరికే వెలుగుతూ కూర్చుంటుంది, బోర్డు తిప్పి ఒకసారి చూసుకుని అప్పుడు ఆర్డర్ పెట్టు.