అనుకోవడానికీ అనడానికీ మధ్య

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి, నిద్ర ఆపుకుంటూ. రెండోసారి పొద్దున్నే, పెన్సిలు పట్టుకుని. పదిహేడు పేజీల్లో మెదడుకీ యంత్రానికీ ముడి పడింది, లోకమంతా ఒక్కడి గుప్పిట్లోకి వచ్చింది, వాడు మనిషి కాకుండా పోయాడు, నగరాలు తగలబడ్డాయి. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అన్నావు కాబట్టి చెబుతున్నాను: అన్ని నగరాలు తగలబడినా నాకు సెగ తగల్లేదు.

అయితే నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. తలలో చిప్ పెట్టించుకుని ఇంటికొచ్చిన కొడుకు ఏదో అంటాడు. తల్లి వాడి మొహంలోకి చూసి, "ఇది నువ్వన్నావా, అదందా?" అని అడుగుతుంది. నువ్వేమో ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి, పక్క పేరాలో సైన్యాన్ని దింపావు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసం.

మన భాషలో ఒక వింత ఉంది, ఎప్పుడైనా పట్టించుకున్నావో లేదో. ఆలోచనకి మనం రోజంతా వాడే మాట 'అనుకోవడం'. అను, కొను. తనకు తాను అనడం. అనడానికీ అనుకోవడానికీ తేడా ఆ ఒక్క 'కొను'. అన్నది లోకానికి, అనుకున్నది నాకు. 'నేను' అనేది ఎక్కడుందని తత్వవేత్తలు వాదించుకుంటూనే ఉన్నారు. నా మటుకు నాకు అది ఆ 'కొను'లోనే ఉందనిపిస్తుంది. మెదడుకు తీగ తగిలించే విద్య వచ్చి ముట్టుకునేది కూడా దాన్నే. (కొనడమంటే డబ్బిచ్చి తీసుకోవడం కూడా. ఈ శ్లేష నాది కాదు, భాషదే.)

నువ్వు రాబోయే కాలం అనుకుని రాసిన దాంట్లో చాలా భాగం ఇప్పటికే జరిగిపోయింది. 2004లోనే, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్ళూ చేతులూ కదలని ఒక యువకుడి మెదడులో 96 ఎలక్ట్రోడ్లు (మెదడు సంకేతాల్ని పట్టే సన్నని సూదులు) ఉన్న చిన్న పలక అమర్చితే, అతను తలపుతోనే కంప్యూటర్ కర్సర్‌ను కదిపాడు. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం, కండరాల్ని కదిపే నరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్‌ఎస్ జబ్బు వల్ల స్పష్టంగా మాట్లాడలేకపోయిన ఒకావిడ మాటల్ని నిమిషానికి 62 చొప్పున తెర మీదికి తెచ్చింది. మనం మామూలుగా మాట్లాడుకునే వేగం 160 దాకా ఉంటుంది. లక్షా 25 వేల మాటల జాబితాతో పరీక్షిస్తే దాదాపు నాలుగింట ఒకటి తప్పు పడింది. మరుసటి ఏడాది ఇంకో బృందం, ఇంకో రోగితో, ఆ తప్పుల్ని నూటికి మూడు లోపుకి దించింది. పైగా జబ్బుకి ముందు అతని గొంతు ఎలా ఉండేదో అలాంటి గొంతుతోనే చదివించింది.

ఇందులో కథకుడు ఆగి చూడాల్సిన చోటు వేగం కాదు. మెదడు నుంచి వచ్చే సంకేతం గజిబిజిగా ఉంటుంది. యంత్రం ముందు అందులోంచి ధ్వనుల్ని ఊహిస్తుంది. తర్వాత, ఈ ధ్వనుల పక్కన మనుషులు మామూలుగా ఏ మాట వాడతారో నేర్చుకున్న ఒక భాషా నమూనా వాటిని సర్ది వాక్యం చేస్తుంది. అంటే తెర మీద పడిన వాక్యంలో కొంత ఆమెది, కొంత అందరిదీ.

నేనైతే కథ ఇక్కడ మొదలుపెడతాను. మంచం మీద తల్లి. కదిలేవి కళ్ళు మాత్రమే. గుమ్మంలో కొడుకు, భుజాన సంచి. వాడి మీద ఆవిడకి పన్నెండేళ్ళ కోపం. 'వెళ్ళిపో' అనుకుంది. సంకేతం 'వెళ్ళి' దాకా శుభ్రంగా వచ్చింది, ఆ పైన చెదిరింది. గుమ్మంలో నిలబడ్డ కొడుకుతో తల్లులు ఏమంటారో లక్షల సంభాషణల్లో చదివిన నమూనాకి సందేహమే కలగలేదు. తెర మీద 'వెళ్ళిరా' అని పడింది. ఆవిడ పాత గొంతే దాన్ని పైకి చదివింది. కొడుకు సంచి దించి, వెనక్కి వచ్చి, మంచం పట్టె మీద తల ఆన్చాడు. తెర మూల 'చెరుపు' అనే గడి ఉంది. రెండు సెకన్లు చూపు నిలిపితే చాలు, మాట పోతుంది. ఆవిడ దానివైపు చూసింది. ఒక సెకను. చూపు తిప్పేసుకుంది.

ఇప్పుడు చెప్పు, 'వెళ్ళిరా' ఎవరన్నారు? ఆ ఒక్క సెకను రాయడానికి నీకు మూడు పేజీలు పట్టాలి. వారం పోయాక తాను ముందు అనుకున్నదేమిటో ఆవిడకే గుర్తుండకపోతే, ఇంకో మూడు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఒక స్నేహితుడు పోయినప్పుడు ఆయన భార్యకి ఫోన్‌లో నాలుగు మాటలు రాయబోయాను. 'ఆయన లేని' అని కొట్టానో లేదో, కింద 'లోటు తీరనిది' అని చూపించింది. నేను రాయబోయింది అది కాదు. ఆయన లేని సాయంత్రాలు ఎలా గడపాలో తెలియడం లేదు అని. చేతులు వణుకుతున్నాయి, కళ్ళజోడు పక్క గదిలో ఉంది. చూపించిన దాన్నే నొక్కేశాను. నెల పోయాక ఆవిడ "మీరు రాసిన ఆ మాట దాచుకున్నానండీ" అన్నారు. నేను కాదనలేకపోయాను. నలభై ఏళ్ళుగా మాటలు అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి, నాకే ఇలా అయింది. ఇంకా తలలో తీగ కూడా లేదు.

'తనెవరో తనకి తెలియని మనిషి' అని నీ కథలో ఏడుసార్లు రాశావు. లెక్కపెట్టాను. ఏడుసార్లు చెప్పే బదులు ఒక్కసారి చూపించు. నెదర్లాండ్స్ వైద్యులు 2004లో ప్రచురించిన ఒక కేసు ఉంది. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న 62 ఏళ్ళ మనిషికి వణుకు తగ్గడానికి మెదడు లోతున ఎలక్ట్రోడ్లు పెట్టారు. కరెంటు ఉంటే శరీరం చక్కగా కదులుతుంది, మనసు మాత్రం అదుపు తప్పుతుంది: పట్టలేని ఉత్సాహం, అప్పులు, గొడవలు. కరెంటు తీసేస్తే మనసు కుదుటపడుతుంది, మనిషి మంచానికి అతుక్కుపోతాడు. రెంటికీ మధ్య దారి దొరకలేదు. ఏది కావాలని అడగాలి కదా? స్విచ్ ఆపి అడిగారు, తెలివిగా నిర్ణయించగలిగేది అప్పుడే కాబట్టి. ఆయన స్విచ్ వెయ్యమన్నాడు, మానసిక వైద్యశాలలో ఉండాల్సి వచ్చినా సరేనన్నాడు.

సంతకం పెట్టింది ఒకరు, ఆ సంతకాన్ని అనుభవించింది ఇంకొకరు. ఒకావిడ భర్తకీ ఇంకొకడికీ తలలు తారుమారైతే, ఇద్దరిలో ఆమె భర్త ఎవరని భేతాళుడు అడిగితే, తల ఎవరిదైతే వాడేనని విక్రమార్కుడు తడుముకోకుండా చెప్పాడు. ఈ పెద్దాయన సంగతి అడిగి ఉంటే శవం భుజం మీదే ఉండిపోయేదేమో. తల ఒకటే మరి.

ఇక నీ నియంత. వాడికి కోరలెక్కువ, పని తక్కువ. నవ్వుతాడు, శాసిస్తాడు, మళ్ళీ నవ్వుతాడు. ఒకసారి ఆలోచించు: ఇంతవరకూ ఎంత క్రూరుడైన పాలకుడికైనా నిద్ర వచ్చేది. ముసలితనం వచ్చేది. అన్నిటికన్నా ముఖ్యం, కొట్టమంటే కొట్టడానికి, రాయమంటే రాయడానికి వేరేవాళ్ళ చేతులు కావాల్సి వచ్చేవి, ఆ చేతులు ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోయేవి. యంత్రంతో కలిసిపోయిన బుద్ధికి ఆ చేతులతో పని లేదు. ఇంకోవైపు, పైకి తలూపి లోపల 'చస్తే చెయ్యను' అనుకునే జనం ఉండేవాళ్ళు. వాళ్ళ దగ్గర మిగిలిన ఆస్తి ఆ అనుకోవడమొక్కటే. పాలకుడి చెయ్యి అక్కడిదాకా వెళ్ళేది కాదు. నీ కథలో అసలు భయం ఇక్కడుంది, ట్యాంకుల్లో లేదు.

ఇంకొకటి. ఇలాంటి అధికారం ఎప్పుడూ కత్తి పట్టుకునే రాదు. తల్లీకొడుకుల కథలో 'వెళ్ళిరా'కి మొగ్గు ఇచ్చిందెవరు? ఎక్కడో ఒక ఆఫీసులో ఎవరో మంచివాడు, రోగులు పొరపాటున కటువుగా మాట్లాడినట్టు పడకూడదని. వచ్చే నెల అప్‌డేట్‌లో కటువు మాటలకి ఇంకాస్త బరువు తగ్గిస్తాడు. ఆ పైన, ఖర్చు భరిస్తున్న బీమా కంపెనీ గురించి ఆవిడ తిట్టాలనుకున్నప్పుడల్లా తెర మీద ఫిర్యాదు మెత్తబడుతుంది. ఆవిడ తిట్టలేదని రికార్డు ఉంటుంది, ఆవిడ గొంతులోనే. ఇందులో దుర్మార్గుడు ఎవరో నాకు చెప్పు. నేను వెతికాను, దొరకలేదు. అందుకే నీ నియంత కన్నా ఆ ఆఫీసు మంచివాడు నాకు ఎక్కువ భయం పుట్టిస్తాడు.

ఒక్కోసారి అధికారమంటే ఏమీ చెయ్యకపోవడం కూడా. చూపు పోయినవాళ్ళకి కొంత చూపునిచ్చే ఆర్గస్ 2 అనే కృత్రిమ రెటీనాని సుమారు 350 మంది పెట్టించుకున్నారు. తయారుచేసిన కంపెనీ 2019లో దాన్ని ఆపేసింది, మరుసటి ఏడాది దివాలా అంచుకి వెళ్ళింది. పాడైతే బాగుచేసేవాళ్ళు లేక, కొందరి కళ్ళలో అది చచ్చిన తీగై కూర్చుంది. ఆస్ట్రేలియాలో మూర్ఛ వచ్చేముందు హెచ్చరించే పరికరం తలలో పెట్టుకున్న ఒకావిడ, దానితో కలిసి తాను కొత్త మనిషినయ్యానని చెప్పింది. కంపెనీ దగ్గర డబ్బు అయిపోయింది. ఆవిడ వద్దంటున్నా తీసేశారు. ఈ వాక్యాన్ని నేను ఇంకెలా రాయాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను.

అడ్డుకట్టలు లేకపోలేదు, వాటిని కూడా కథలోకి రానివ్వు. లేకపోతే శాపనార్థాలు మిగులుతాయి. చిలీ దేశం 2021లో మెదడు సమాచారాన్ని కాపాడాలని రాజ్యాంగంలోనే చేర్చింది. ఆ సవరణ కోసం పనిచేసిన మాజీ సెనేటరే మెదడు తరంగాలు చదివే ఒక హెడ్‌సెట్ తెప్పించుకుని కేసు వేశాడు. అతని సమాచారం చెరిపేయమని అక్కడి సుప్రీంకోర్టు 2023లో ఆ కంపెనీని ఆదేశించింది. 2025లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు, పెదవి కూడా కదపకుండా మనసులో అనుకునే మాటల్ని చదివే ప్రయోగం చేస్తూ ఒక సంగతి గమనించారు: అనమని అడగని అంకెలు, రోగి లోపల లెక్కపెట్టుకుంటున్నవి కూడా, యంత్రానికి అందుతున్నాయి. అందుకని ఒక గడియ పెట్టారు. ఫలానా రహస్యపు మాట మనసులో అనుకుంటేనే యంత్రం వినడం మొదలుపెడుతుంది. నూటికి 98 సార్లకు పైగా ఆ గడియ పనిచేసింది. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది ప్రయోగశాలలో తేలే విషయం కాదు.

నాకు బాగా నచ్చింది టెక్సస్ బృందం 2023 ప్రయోగం. స్కానర్‌లో పడుకున్న మనిషి వింటున్న కథ సారాంశాన్ని యంత్రం పట్టుకోగలిగింది, కాకపోతే ఒక్కొక్కరితో 16 గంటలు శిక్షణ కావాల్సి వచ్చింది. పట్టుబడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని కూడా పరీక్షించారు. ఒక ఉపాయం: చెవిలో ఒక కథ పడుతుంటే, మనసులో వేరే కథ చెప్పుకోవడం. యంత్రం తెల్లమొహం వేసింది. రేపటి యంత్రం వెయ్యకపోవచ్చు. అయినా మన వృత్తికి అంతకన్నా మంచి కితాబు నేనెక్కడా వినలేదు.

వాక్యాల సంగతి క్లుప్తంగా. 'న్యూరల్', 'క్వాంటమ్' లాంటి మాటలు సగం తీసెయ్. పరికరం పేరు కన్నా దాని చార్జింగ్ అయిపోయినప్పుడు అది పెట్టుకున్న మనిషి ఏం చేస్తాడో రాయి. తల్లిని చివర్లో చంపకు, అది మరీ తేలిక. నియంత ఉపన్యాసం పూర్తిగా కొట్టేశాను, కోపం తెచ్చుకోకు.

పదో పేజీ నుంచి చివరిదాకా నా దగ్గరే ఉంచుకుంటున్నాను, నువ్వు అడిగినా ఇవ్వను. నాలుగో పేజీ ఒక్కటే తిప్పి పంపుతున్నాను. "ఇది నువ్వన్నావా, అదందా?" అని తల్లి అడిగిన వెంటనే కొడుకు "నేనే" అన్నాడని నువ్వు రాశావు, అర క్షణం కూడా తడుముకోకుండా. ఆ "నేనే" కింద గీత గీశాను. అక్కణ్ణుంచి మళ్ళీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు