బైపీసీలో చేరిన మనవరాలికి

చిరంజీవి లహరికి,

తాతయ్య ఆశీస్సులు. "ఫిజిక్స్ అయినా ఒకదాని వెనక ఒకటి వస్తుంది తాతయ్యా, బయాలజీలో మాత్రం ఎన్ని పేజీలు చదివినా దేనికదే విడివిడిగా ఉంటోంది" అని మొన్న ఫోన్లో అన్నావు. మీ అమ్మ కంగారుపడింది. నాకు మాత్రం సంతోషమేసింది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినన్నాళ్లూ, మొదటి రెండు నెలల్లో ఈ మాట అన్న పిల్లల గురించి నేనెప్పుడూ దిగులు పడలేదు. నోరెత్తకుండా బట్టీ కొట్టుకుంటూ పోయేవాళ్ల గురించే నా దిగులంతా.

హాస్టల్లో ఫోన్ కాసేపే ఇస్తారు కాబట్టి ఈ ఉత్తరం మీ అమ్మ చేతికిస్తున్నాను. ఔటింగ్ రోజున తీరిగ్గా చదువుకో. స్టడీ అవర్‌లో తీసి తిట్లు తినకు.

నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే. అందుకే మీ కాలేజీవాళ్లు చేరిన వారానికే బిట్లు మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టను, బిట్లు చెయ్యొద్దనీ అనను. కానీ పాఠం తలకెక్కాక చేసే బిట్టు వేరు, పాఠానికి బదులు చేసే బిట్టు వేరు. రెండో రకం అక్టోబరుకల్లా ఆవిరైపోతుంది.

నేను చెప్పేది ఒక్కటే. ఈ సబ్జెక్టంతా నాలుగైదు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఇది దేనితో తయారైంది, ఆ తయారీకీ చేసే పనికీ సంబంధమేంటి? దీనికి పదార్థం, శక్తి ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఈ పని ఇలా చెయ్యాలన్న సమాచారం ఎక్కడుంది? బయట మారుతుంటే లోపల ఎలా నిలదొక్కుకుంటోంది? అసలు ఇది ఇలాగే ఎందుకుంది, దీని పూర్వచరిత్ర ఏంటి? ఏ పాఠం తెరిచినా ముందు ఈ ప్రశ్నలు అడుగు. అన్నింటికీ ప్రతిసారీ జవాబు దొరకదు. రెండింటికి దొరికినా ఆ పాఠం వేరే పాఠంతో అతుక్కుంటుంది.

కణంతోనే మొదలుపెడదాం. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో గదులు చూశాడని, 1838, 39లో ష్లైడెన్, ష్వాన్ కణ సిద్ధాంతం చెప్పారని, కణం మరో కణం నుంచే వస్తుందని 1855లో విర్కో అన్నాడని నీకు ఈపాటికి కంఠతా వచ్చే ఉంటుంది. మంచిదే, ఒక మార్కు. మొక్క కణానికి కవచం (బయటి గోడ) ఒకటి, త్వచం (దాని లోపలి పల్చటి పొర) ఒకటి ఎందుకో, ఆ రెండూ ఎక్కడ విడిపోతాయో కళ్లారా చూశావా? అది అసలు పాఠం.

ఈ వేసవిలో మీ అమ్మమ్మ మాగాయ పెడుతుంటే పక్కనే ఉన్నావు కదా. ముక్కల్లో ఉప్పు, పసుపు వేసి జాడీకెత్తింది. తడి చెయ్యి కూడా తగలనివ్వలేదు. మూడోరోజుకి ముక్కలు ఊటలో తేలుతున్నాయి. ఆ నీళ్లు ఎక్కడివి? మామిడి కణాల్లోవే. బయట ఉప్పు ఎక్కువైంది. కణత్వచం నీళ్లను పోనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా రానివ్వదు. నీళ్లు ఉప్పు ఎక్కువున్న వైపు నడిచాయి, ముక్క వడిలింది. ద్రవాభిసరణ అంటే ఇంతే. ఊరగాయలో బాక్టీరియా బతకలేకపోవడానికీ, యూరియా ఎక్కువైన మొక్క మాడిపోవడానికీ కారణం ఇదే. ఆసుపత్రిలో సెలైన్ 0.9 శాతం ఉప్పుతోనే ఎందుకెక్కిస్తారో కూడా ఇక్కడే తేలుతుంది. ఉత్త నీళ్లు నరంలోకెక్కిస్తే ఎర్ర రక్తకణాల్లోకి నీళ్లు దూరి అవి పగిలిపోతాయి.

మీ ల్యాబ్‌లో రియో ఆకు ఉంటుంది. దాని అడుగువైపు ఊదా రంగు పొరను సన్నగా ఒలిచి, స్లైడ్ మీద నీటిచుక్కలో పెట్టి మైక్రోస్కోపులో చూడు. గదుల నిండా ఊదా రంగే కనిపిస్తుంది. ఇప్పుడు కవర్‌స్లిప్ ఒక అంచున చిక్కటి ఉప్పునీళ్లు చుక్క వేసి, రెండో అంచున ఫిల్టర్ కాగితంతో పీల్చు. కాసేపటికి ఆ ఊదా ముద్ద గోడను వదిలి లోపలికి ముడుచుకుంటుంది. గోడ మాత్రం కదలదు. ముడుచుకున్న ముద్ద అంచే త్వచం. గోడ ఆకారాన్ని కాస్తుంది, త్వచం రాకపోకలు చూస్తుంది. మళ్లీ మంచినీళ్లు వేస్తే ఊదా రంగు గది నిండా పరుచుకుంటుంది. ఇది చూసినవాళ్లకు ప్లాస్మాలిసిస్ (ఈ ముడుచుకోవడమే) మీద బిట్టు ఎటు తిప్పి ఇచ్చినా భయం ఉండదు. రికార్డులో వేసే బొమ్మ స్లైడ్ చూసి వెయ్యి. సీనియర్ల రికార్డు చూసి వెయ్యకు. ఇది అన్ని కాలేజీల్లోనూ ఉన్న జబ్బే, నీకు అంటకూడదు.

ఇక పదార్థం, శక్తి సంగతి. మా క్లాసులో మొదటిరోజు అడిగే ప్రశ్న: మన వీధి చివర వేపచెట్టుకు అంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది? తొంభైమంది "మట్టి నుంచి" అంటారు. మట్టి నుంచే వస్తే చెట్టు కింద ఈపాటికి పెద్ద గొయ్యి పడాలిగా! బెల్జియం దేశస్థుడు వాన్ హెల్మాంట్‌కు ఇదే అనుమానం వచ్చింది. 200 పౌండ్ల ఎండు మట్టిని తూచి తొట్టెలో పోసి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రం పోశాడు. చెట్టు 169 పౌండ్లు దాటింది. మట్టిలో తగ్గింది రెండు ఔన్సులు, అంటే 60 గ్రాములు కూడా లేదు. అయితే ఇదంతా నీళ్లే అని తేల్చాడు. విచిత్రమేంటంటే గ్యాస్ అన్న మాట పుట్టించిందీ, కట్టెలు కాలిస్తే వచ్చే వాయువును పట్టించుకుని చూసిందీ ఆయనే. కానీ గాలిలోని ఆ వాయువే చెట్టు ఒంటికి పట్టిందని ఆయనకు తట్టలేదు. నిజానికి చెట్టు ఎండు బరువులో ఎక్కువ భాగం గాలిలో 0.04 శాతం మాత్రమే ఉన్న కార్బన్ డయాక్సైడ్ నుంచి, నీళ్ల నుంచి వచ్చిందే. మట్టి ఇచ్చే ఖనిజాలు కొంచెమే, అలాగని అవి లేకపోతే బతుకూ లేదు.

ఇప్పుడు దీన్నే తిరగేసి అడుగు. మీ మామయ్య డైటింగ్ చేసి తగ్గాడు కదా, ఆ కొవ్వు ఎటు పోయింది? చెమటై పోయిందంటాడు వాడు. అందులో చాలాభాగం కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితో బయటికెళ్లింది. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అనే రెండు పాఠాల్ని పక్కపక్కన పెట్టి చదవమనేది ఇందుకే. ఒకచోట చేరిన కార్బన్ ఇంకోచోట విడుదలవుతుంది. ఒక్క హెచ్చరిక: మొక్క పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తుందని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మొక్క రాత్రింబవళ్లూ శ్వాసిస్తూనే ఉంటుంది.

అలా విడుదలైన శక్తిని కణం ఏటీపీ అనే అణువు రూపంలో వాడుకుంటుంది. ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఏటీపీ ఉండేది కొంచెమే. కానీ రోజు మొత్తంలో ఖర్చయి మళ్లీ మళ్లీ తయారయ్యే ఏటీపీని లెక్కగడితే అది దాదాపు మన బరువంత ఉంటుంది. ఈ ఏటీపీ బొమ్మ పక్కన పెన్సిల్‌తో ఒక పేరు రాసుకో: యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రచురించాడు. ఆ కొలత చేతికొచ్చాక కండరంలో వెతికితే ఫాస్ఫరస్ ఉన్న రెండు పదార్థాలు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా ఏటీపీని పట్టుకున్నాడు. ముందు కొలిచే దారి దొరికింది, ఆ తర్వాతే కొత్త పదార్థం దొరికింది. ఆయన జీవితంలో నాకు అన్నింటికన్నా నచ్చేది ఈ వరసే.

నిలదొక్కుకోవడం గురించి ఎక్కువ చెప్పను. ఆ పాఠాలు ముందుముందు వస్తాయి, ఈలోపు మీ అమ్మమ్మ గ్లూకోమీటరే నీకు పుస్తకం. "రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, పొద్దున్నే పరగడుపున షుగర్ ఎందుకు పెరిగింది?" అని రోజూ అడుగుతుంది. తిండి లేనప్పుడు కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. ఇక చాలు అని ఆపాల్సిన ఇన్సులిన్ మాట చెల్లకపోతే అది వదులుతూనే ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు నువ్వే ఆవిడకు చెప్పు. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పగలిగితే నీకు అర్థమైనట్టు.

వర్గీకరణ పాఠాలకు మాత్రం దగ్గరి దారి లేదు. ఫైలంకి (జీవుల పెద్ద విభాగానికి) ఒక ముఖ్య లక్షణం, రెండు జీవుల పేర్లు, రోజూ పడుకునే ముందు పది నిమిషాలు. అంతకు మించి వాటి మీద సమయం పెట్టకు.

సమాచారం అన్న ప్రశ్నకు నేనెప్పుడూ సికిల్ సెల్ జబ్బునే చెబుతాను. మన భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లో గిరిజన కుటుంబాలను పట్టి పీడిస్తున్న జబ్బు ఇది. రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌లోని బీటా గొలుసును రాసిన డీఎన్ఏలో ఒక్క అక్షరం మారింది, 'A' ఉండాల్సిన చోట 'T' పడింది. దాంతో గొలుసులో ఆరో స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి బదులు వాలీన్ అనే మరొకటి వచ్చింది. వాలీన్‌కు నీళ్లంటే గిట్టదు. ఆక్సిజన్ తగ్గిన చోట ఈ హీమోగ్లోబిన్‌లు ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి కడ్డీల్లా పేరుకుంటాయి. గుండ్రంగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగుతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, మనిషి నొప్పితో మెలికలు తిరుగుతాడు. అక్షరం నుంచి అణువు, అణువు నుంచి కణం, కణం నుంచి అవయవం, అక్కడి నుంచి మనిషి. మీ పుస్తకం మొదటి పాఠంలో ఉండే మెట్లన్నీ ఈ ఒక్క జబ్బులో ఉన్నాయి. మరి ఇంత చేటు చేసే జన్యువు తరాలుగా ఎందుకు మిగిలిపోయింది? అమ్మ, నాన్నల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చి, ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవాళ్లకు ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. 1954లో ఆంథనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో ఈ సంబంధాన్ని చూపించాడు. మలేరియా ఎక్కువున్న ప్రాంతాల్లో ఆ జన్యువు ఎందుకు నిలిచిందో అప్పటి నుంచే తెలిసింది.

ఇలా అనుకోకుండా పరిణామంలోకి వచ్చేశాం. దీన్ని చివరి యూనిట్ అనుకుని ఆఖరికి వదిలేస్తారు పిల్లలు. నన్నడిగితే ముందే చదవాలి. దీనికి నీకు డార్విన్ పక్షుల కన్నా మీ నాన్న పత్తిచేను దగ్గర. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు, అది తయారుచేసే ప్రోటీన్ తిన్న పురుగు చచ్చేది. 2010 నాటికి గుజరాత్‌లో దాన్ని తట్టుకునే గులాబీ రంగు పురుగు బయటపడింది. తర్వాత మన దగ్గరా కాయలు తొలిచింది. మీ నాన్న "పురుగు అలవాటు పడిపోయింది" అంటాడు. పరీక్షలో నువ్వలా రాయకు. ఏ పురుగూ అలవాటు పడలేదు. తట్టుకునే జన్యువున్న పురుగులు మొదటి నుంచీ ఎక్కడో అరకొరగా ఉన్నాయి. మిగతావి చచ్చాయి, ఇవి మిగిలి పిల్లల్ని పెట్టాయి. మారింది పురుగు కాదు, పురుగుల జనాభా.

విత్తనాల డబ్బాలో 450 గ్రాముల బీటీ విత్తనాలతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవారు, గుర్తుందా? చేను చుట్టూ వెయ్యమని దాని మీద రాసి ఉండేది. మన ఊళ్లో చాలామంది దాన్ని గట్టు మీదే పారేశారు. ఉత్తపుణ్యానికి పురుగును మేపడం ఎందుకని వాళ్ల లెక్క. కానీ ఆ నాన్ బీటీ వరుసల్లో మామూలు పురుగులు బతికి రెక్కల పురుగులవుతాయి. బీటీ చేలో బతికి బయటపడ్డ ఒకటీ అరా వాటితో జతకడితే, పిల్లలకు తట్టుకునే జన్యువు ఒక ప్రతే వస్తుంది. ఒక్క ప్రతి సరిపోదు కాబట్టి అవి బీటీ కాయ తిని చస్తాయి. ఆ వరుసలు లేకపోతే బతికినవి బతికినవాటితోనే జతకడతాయి, రెండు ప్రతులూ చేరతాయి. మెండెల్ పాఠం (జన్యువులు పిల్లలకు ఎలా వస్తాయన్నది), ప్రకృతివరణం పాఠం (తట్టుకునేవే మిగలడం) కలిసి నడిచేది ఇక్కడే. తల్లిదండ్రుల జన్యువులు పిల్లల్లో ఎలా కలుస్తాయో చూపే పనెట్ చదరం గీసి చూసుకో, రెండు నిమిషాల పని.

చదివే పద్ధతికి వస్తే, పాఠం అయ్యాక పుస్తకం మూసి తెల్లకాగితం మీద బొమ్మ గీసి, బాణాలు పెట్టి, ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో రాయి. ఆగిపోయిన చోటే పుస్తకం తెరువు. రంగు పెన్నులతో గీతలు కొట్టడం చదవడం కాదు. మెటీరియల్ బరువు చూసి బెదిరిపోకు, అందులో సగం ఒకే ముక్కను నాలుగు రకాలుగా అడిగేదే.

దసరాకి వచ్చేలోపు ఒక పని చెయ్యి. మన ఎర్ర రక్తకణం పెద్దయ్యాక దానికి కేంద్రకం ఉండదు, ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఉండదు, అయినా సుమారు 120 రోజులు బతుకుతుంది. ఒంటె ఎర్ర రక్తకణం కోలగా ఉంటుంది, మనది రెండువైపులా లోపలికి నొక్కినట్టుంటుంది. ఈ ఒక్క కణాన్ని పెట్టుకుని పైన చెప్పిన ప్రశ్నలన్నీ అడిగి ఒక పేజీ రాసి తీసుకురా. ముఖ్యంగా, ఒళ్లంతా ఆక్సిజన్ మోసే ఆ కణం తను మాత్రం ఆక్సిజన్ వాడుకోకుండా శక్తి ఎలా సంపాదించుకుంటుందో రాయాలి. గూగుల్ చెయ్యకు, శ్వాసక్రియ పాఠంలోనే ఉంది. బొమ్మ తప్పనిసరి.

వేళకు తిను. మీ అమ్మ ఇచ్చిన సున్నుండలు రూమ్మేట్లకు కూడా పెట్టు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య