అమ్మమ్మగారింటి అటక మీద దొరికిన పాత సామాను: ఏది ఏమిటో నెట్‌లో ఎక్కడ చూడాలి?

పాలకొల్లు దగ్గర మీ అమ్మమ్మగారి మండువా లోగిలి పడగొట్టబోతున్నారనీ, అటక మీంచి సింగర్ మిషను, గోడ గడియారం, వాల్వు రేడియో, డబ్బాడు నాణేలు, ఓ తాటాకుల కట్ట, ఇత్తడి సామాను దించారనీ రాశారు. ఏవి ఉంచుకోవాలి, ఏవి అమ్మాలి, నమ్మదగ్గ సైట్లేవి అని అడిగారు. నాది అమలాపురం పక్క పల్లె. పాత గడియారాలు, మిషన్లు చేరదీసే పిచ్చి ఎప్పట్నుంచో ఉంది. మా ఇంట్లోవాళ్లు దీన్ని చెత్త పోగెయ్యడం అంటారు లెండి.

ముందు ఒక మాట. మీ చేతిలో ఉన్నది ఏమిటో నెట్ బాగా చెబుతుంది. ఎంత పలుకుతుందో మాత్రం చెప్పలేదు, చెప్పినా చాలావరకు అబద్ధం. అందుకని ధర సంగతి ఆఖర్న చూద్దాం. ఇంకోటి, 'పాత గోడ గడియారం' అని వెతికితే అమ్మేవాళ్ల ఫొటోలు తప్ప ఏమీ రావు. వస్తువు మీద ఏ అక్షరాలు, ఏ అంకెలు, ఏ ముద్ర ఉన్నాయో చూసి అవి కొట్టండి.

నాణేల డబ్బాతో మొదలెడదాం, మోసాలు ఎక్కువ అక్కడే కాబట్టి. అందులో 1818 అని వేసి, ఒకవైపు రామపట్టాభిషేకమో ఆంజనేయస్వామో, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు ఉన్న రాగి బిళ్ల ఉందా? మన వైపు చాలా ఇళ్లలో దేవుడి గదిలో కనిపిస్తుంది. దానికి కోట్లు ఇస్తామనే వీడియోలు కుప్పలు. అది అసలు నాణెమే కాదు, ఆ బొమ్మలతో కంపెనీ ఏ నాణెమూ కొట్టలేదు. అవి తర్వాత ఎవరో చేసి అమ్మిన గుడి బిళ్లలు. దేవుడి గదిలోనే ఉంచుకోండి. అలాంటి వీడియో కింద నెంబరుకి ఫోన్ చేస్తే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, తర్వాత రిజర్వు బ్యాంకు పన్ను అంటారు. పాత నాణేలు, నోట్ల కొనుగోలు అమ్మకాలతో తమకి సంబంధం లేదనీ, ఎలాంటి కమీషనూ అడగమనీ రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.

మిగతా నాణేలకి న్యూమిస్టా సైటు చాలు. ప్రపంచంలోని అభిరుచిపరులు కలిసి కట్టిన కేటలాగు అది. ఉచితం. దేశం, విలువ, ఏడు కొడితే ఫొటోతో సహా బరువు, లోహం, ఏ టంకశాలో వస్తాయి. చిన్న డిజిటల్ త్రాసు ఒకటి దగ్గర పెట్టుకోండి. విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి వెండి రూపాయి 11.66 గ్రాములు ఉండాలి, నూటికి 91.7 పాళ్లు వెండి. ఆరో జార్జివి 1940 నుంచి సగం వెండే. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెలుది, అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంటుంది. వెండిది అతుక్కోదు. 1862 రూపాయిలు కనపడితే సంబరపడకండి. ఆ ఏడుని మార్చకుండా 1874 దాకా కొడుతూనే పోయారు, అందుకే అన్ని కనిపిస్తాయి. 1939 రూపాయి మాత్రం నిజంగా అరుదు, అందుకే దానికి నకిలీలూ ఎక్కువే.

మీది పాలకొల్లు కాబట్టి ఇంకో సంగతి. పదిహేడో శతాబ్దంలోనే అక్కడ డచ్చివాళ్ల వర్తక కోఠీ ఉండేది. వి అక్షరం రెండు కొమ్మల మీద ఓ, సి అక్షరాలు ఎక్కించిన ముద్రతో చిన్న రాగి నాణెం కనిపిస్తే అది డచ్చి కంపెనీ 'డ్యూట్' కావచ్చు. న్యూమిస్టాలో ఆ పేరుతోనే వెతకండి. ఇంతకీ అన్నిటికంటే ముఖ్యం, ఏ నాణేన్నీ చింతపండు పెట్టి తోమకండి. గంగాళం తోమితే మెరుస్తుంది, నాణెం తోమితే సేకరించేవాడు దాని మొహం చూడడు.

సింగర్ మిషనుకి కుడివైపు, చక్రం కింద బల్ల మీద నెంబరు చెక్కి ఉంటుంది, నూనె జిడ్డులో పూడిపోయి. మిషను నూనె గుడ్డకి రాసి మెల్లిగా తుడవండి. స్పిరిట్ పెడితే పైపూత, బంగారు పువ్వులు కలిసి ఊడొస్తాయి. కుట్టుమిషన్ల సేకర్తల అంతర్జాతీయ సంఘం ఐస్మాక్స్ అని ఒకటి ఉంది. వాళ్ల సైటులో సింగర్ నెంబర్ల పట్టికలు ఉంటాయి. ముందు 'ఈ ఏ' అక్షరాలుంటే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కార్ఖానాలో 1935 నుంచి చేసిన వరసలోది. చూశాక నిరాశ పడకండి, ఇవి లక్షల్లో తయారయ్యాయి, అరుదేం కాదు. కుడుతుంటే ఉంచుకోండి.

గడియారం సంగతి నాకు ఇష్టమైనది. డయలు మీద మద్రాసు దుకాణం పేరు, ఉదాహరణకి పి. ఓర్ అండ్ సన్స్, ఉంటే అది అమ్మిన షాపు పేరు. లోపలి మిషను ఎవరిదో తెలియాలంటే వెనక ఇత్తడి రేకు చూడాలి. ఎనిమిది కోణాల నక్షత్రంలో జె ఉంటే జర్మనీ జుంగాన్స్, లంగరుతో జి బి ఉంటే గుస్తావ్ బెకర్. బెకర్‌దైతే రేకు మీది వరస సంఖ్యని బట్టి ఇంచుమించు ఏ ఏడుదో చెప్పే పట్టికలు నెట్‌లో దొరుకుతాయి. ముద్ర పోల్చుకోలేకపోతే మిక్రోలిస్క్ అనే జర్మన్ సైటులో వేలకొద్దీ గడియారపు ముద్రలు ఉన్నాయి, ముద్రలో ఉన్న బొమ్మని బట్టి కూడా వెతకొచ్చు. అదీ తేలకపోతే అమెరికాలో 1943 నుంచి ఉన్న గడియారాల సేకర్తల సంఘం ఎన్.ఎ.డబ్ల్యు.సి.సి. ఫోరంలో రేకు ఫొటో పెట్టండి. అక్కడి ముసలాయనలు ఓపిగ్గా జవాబిస్తారు. గడియారాన్ని ఎక్కడికైనా తీసుకెళ్లేటప్పుడు లోలకం విప్పి విడిగా పట్టుకెళ్లండి, లేకపోతే ఆటో కుదుపులకి అది వేలాడే సన్నటి స్ప్రింగు రేకు విరుగుతుంది.

రేడియోని ప్లగ్గులో పెట్టకండి, ఒక్కసారైనా సరే. ఏళ్ల తరబడి పడి ఉన్నవాటిలో కెపాసిటర్లు చెడి ఉంటాయి. కొన్ని సెట్లలో లోపలి ఇనుప చట్రానికే కరెంటు వస్తుంది. తెలిసిన మెకానిక్ అయితే బల్బు సిరీసులో పెట్టి మెల్లిగా చూస్తాడు. వెనక అట్ట మీది మోడలు నెంబరు రేడియోమ్యూజియం సైటులో వెతకండి. కాగితాల్లో పోస్టాఫీసు ఇచ్చిన రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే పారెయ్యకండి, సెట్టుతోపాటే ఉంచాలి.

తాటాకుల కట్ట జోలికి మాత్రం మీరు వెళ్లకండి. నూనె రాయడం, విప్పడం వద్దు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోగానీ, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంలోగానీ చూపించండి. వంద ఏళ్లు దాటిన విగ్రహాలు, కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తు చట్టం కిందకి వస్తాయి. వాటిని విదేశాలకి పంపడం నేరం. పాత పంచలోహ విగ్రహం ఉంటే పురావస్తు శాఖలో నమోదు చేయించాలి. అన్నట్టు ఇల్లు పడగొట్టాక పునాది తవ్వుతారు కదా, భూమిలో ఏదైనా దొరికితే కలెక్టరుకి తెలియజెయ్యాలని 1878 నుంచీ చట్టం ఉంది. పది రూపాయల విలువ దాటితే చాలు.

ఇత్తడి సామానుకి మాత్రం నెట్ దండగ. ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో చేసిన బిందెకీ, పక్క ఊరు కంచరి చేసినదానికీ కేటలాగు ఏ దేశంలోనూ లేదు. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరుంటుంది చూడండి, ఆ పేరెవరిదో మీ పెద్దమ్మగారిని అడగండి, ఆవిడ ఉండగానే. తూకానికి ఇచ్చేస్తే కేజీ లెక్కన డబ్బులొస్తాయి, అంతకుమించి ఏమీ రాదు.

ఇక కలప. నా దృష్టిలో మీ ఇంట్లో అసలు డబ్బు అందులోనే ఉంది. మండువా చుట్టూ ఉన్న స్తంభాలు, గుమ్మాలు బర్మా టేకువి అయితే, కూల్చే కాంట్రాక్టరు 'కూల్చినందుకు కూలి తీసుకోను, కలప నాకు వదిలెయ్యండి' అంటాడు. ఒప్పుకోకండి. కూలి వేరు, కలప వేరు అని కాగితం మీద రాయించుకోండి. గుమ్మాలు ఊడదీయకముందే కొలతలతో ఫొటోలు తీసి ముగ్గురు నలుగురికి పంపండి, రేట్లు తేడాగా వస్తాయి. పైకప్పు బెంగుళూరు పెంకుల మీద బాసెల్ మిషన్, 1865 అని ఉంటే అది మంగుళూరు కార్ఖానా పుట్టిన ఏడు. పెంకు వయసు అది కాదు.

అమ్మకం ధర తెలియాలంటే ఓఎల్ఎక్స్‌లో అడిగే రేట్లు చూసి లాభం లేదు, అవి ఎవరి ఆశ వాళ్లది. ఈబేలో అమ్ముడైపోయినవి మాత్రమే చూపించే ఫిల్టరు ఉంది, అది పెట్టి చూడండి. అక్కడి డాలరు ధరలు ఇక్కడ రావు, అంచనాకి పనికొస్తాయి. ఈబే ఇండియా సైటు 2018లోనే మూతపడింది. మంచి నాణేలుంటే తోడివాలా, మరుధర్ ఆర్ట్స్ లాంటి వేలం సంస్థలు పలికిన ధరలు ప్రకటిస్తాయి, అవే చూడండి.

గడియారం వెనక రేకు, మిషను నెంబరు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను. నాణేలవైతే రెండు వైపులా పెట్టండి, పక్కన స్కేలు ఉంచి.