చెట్టుకప్ప నున్నటి గోడను జారకుండా ఎలా పట్టుకుంటుంది?

వానాకాలంలో స్నానాలగది టైల్స్ మీద చేరే చెట్టుకప్ప వేళ్ల చివర గుండ్రటి మెత్తలు ఉంటాయి. అవి గాలి పీల్చి అతుక్కుంటాయనో, జిగురు కారుస్తాయనో చాలామంది అనుకుంటారు. రెండూ కాదు. ముందుగా పనిచేసేది తడి.

మెత్త మీది చర్మకణాలు తేనెపట్టు గదుల్లా ఆరు పలకలుగా ఉంటాయి. ఒక్కో కణం వెడల్పు మిల్లీమీటరులో సుమారు 100వ వంతు. వాటి నడుమ సన్నని కాలువలు, వాటిలో గ్రంథుల నుంచి ఊరే ద్రవం. చేతికి అంటుకునే బంక కాదది, ఇంచుమించు నీళ్లంత పల్చన. తడిసిన రెండు గాజు పలకలు అంటుకుపోతాయి చూడండి, ఆ తలతన్యత (ద్రవం పైపొరలోని బిగువు) బలమే ఇక్కడా.

మరి తడి ఉంటే జారాలి కదా? నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే. మిగులు ద్రవం కాలువల్లోకి తప్పుకుంటుంది. ప్రతి కణం మీదా ఇంకా సూక్ష్మమైన బొడిపెలుంటాయి. అవి గోడను దాదాపు నేరుగా తాకి రాపిడి పుట్టిస్తాయి. నిట్టనిలువు గోడ మీద కప్పను జారనివ్వనిది ముఖ్యంగా ఈ రాపిడే.

అడుగు తీసేటప్పుడు మెత్తను వెనక అంచు నుంచి స్టిక్కరు ఒలిచినట్టు లేపుతుంది. బల్లిది వేరే పద్ధతి: పాదాల కింద సన్నని నూగు, తడి అక్కర్లేని పట్టు.