పేటెంట్ల లెక్క కాదు, ఫెర్మెంటర్ ఎక్కడుందో అడగండి

యూనివర్సిటీ ల్యాబుల్లోంచి వచ్చిన కంపెనీలు మిగతావాటికంటే ఎక్కువ కొత్తవి చేస్తాయా అని అడిగారు. పేటెంట్లు బాగానే వేస్తాయి. సరుకు మాత్రం మార్కెట్లోకి ఆలస్యంగా వస్తుంది, చాలాసార్లు రానే రాదు. లోటు పరిశోధనలో లేదు; ల్యాబులోని ఫ్లాస్కుకీ, సూక్ష్మజీవుల్ని పెద్ద ఎత్తున పెంచే ట్యాంకుకీ (ఫెర్మెంటర్) మధ్య పని ఎవరిదో తేల్చకపోవడంలో ఉంది.

శాంతా బయోటెక్నిక్స్‌నే తీసుకోండి. 1993లో పెట్టిన ప్రైవేటు కంపెనీ, అచ్చంగా స్పిన్-ఆఫ్ (యూనివర్సిటీ ల్యాబులోంచి పుట్టిన కంపెనీ) అనలేం. కానీ తొలి పని జరిగింది ఉస్మానియాలో, ఆ తర్వాత హైదరాబాద్‌లోని ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో. హెపటైటిస్-బి టీకా 1997లో వచ్చింది. అందులో యాంటిజెన్‌ని, అంటే శరీరానికి వైరస్‌ని గుర్తుపట్టడం నేర్పే ప్రొటీన్‌ని, తయారుచేసేది పికియా పాస్టోరిస్ అనే ఈస్టు. దాన్ని మామూలుగా గ్లిసరాల్ మీద పెంచి, ఆపైన మెథనాల్ ఇస్తారు. అప్పుడే మనకు కావలసిన ప్రొటీన్ చేస్తుంది. ఫ్లాస్కులో 24 గంటలకోసారి 0.5 శాతం మెథనాల్ వేస్తే చాలు. ఫెర్మెంటర్‌లో ఆ లెక్క పనిచేయదు. తడి కణాలే లీటరుకి 300 గ్రాములు దాటతాయి, ఆక్సిజన్ చాలదు, ట్యాంకు పెద్దదయ్యేకొద్దీ ట్యాంకు చుట్టూ ఉండే జాకెట్‌లో నీళ్లు వేడిని లాగలేవు. మెథనాల్ ఎక్కువైతే కణాలు చస్తాయి, తక్కువైతే ప్రొటీన్ పడిపోతుంది. ఏది జరుగుతోందో తెలియాలంటే మెథనాల్ అందించే ఫీడ్ పంపు కాసేపు ఆపి చూడాలి. నిమిషంలోపే కరిగిన ఆక్సిజన్ రీడింగ్ పైకి లేస్తే మెథనాల్ మిగల్లేదన్నమాట. మెల్లగా కదిలితే పేరుకుపోయింది, ఫీడ్ తగ్గించాల్సిందే. ఇంత చేసినా ఈ యాంటిజెన్ కణం లోపలే ఉంటుంది, పగలగొట్టి శుద్ధి చేసుకోవాలి. పీహెచ్‌డీ థీసిస్‌లు ఈ గడప దాకా రావు. కొత్త కంపెనీలకు చోటిచ్చే మన ఇంక్యుబేటర్లలో గదులూ వైఫై ఇస్తారు, 10 లీటర్ల ఫెర్మెంటర్ అడిగితే చాలాచోట్ల ఉండదు.

నన్ను బాధపెట్టేది ఇంకోటి: పేపరు ముందు, పేటెంటు తర్వాత. పేపరు అచ్చయిందంటే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, కొత్తదనం పోయినట్టే. థీసిస్ లైబ్రరీకి చేరకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక పేటెంటు దరఖాస్తు) వేయాలి, 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ) దాఖలు చేయాలి, లేకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. 2021 నుంచి విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం రాయితీ ఉంది, డబ్బుల్లేవనే వంక చెల్లదు.

యూనివర్సిటీతో చేసుకునే లైసెన్సు ఒప్పందంలో స్కేల్-అప్ (ఫ్లాస్కు నుంచి ఫెర్మెంటర్‌కి పెంచే పని) మెరుగుదలలు కంపెనీవేనని మొదట్లోనే రాయించుకోండి. స్ట్రెయిన్ (వాడే ఈస్టు రకం) సంగతీ చూసుకోండి: పికియా కిట్లు సాధారణంగా పరిశోధనకు మాత్రమే అమ్ముతారు, దాంతో చేసిన టీకా అమ్మాలంటే హక్కుదారు నుంచి విడిగా అనుమతి కావాలి.