లప్పం పెట్టకముందు చూసుకో బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. నువ్వు బల్లార్షాలో షెడ్డు కిరాయికి తీసుకున్నావని, మొదటి పనిగా ఆరు బెంచీలు ఒప్పుకున్నావని చెప్పాడు. నిద్రపోతున్న మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను. మన ఇంట్లో ఇంతవరకు ఆడపిల్ల ఎవరూ ఉలి పట్టలేదు. బల్లార్షా కలప డిపో టేకు 2023లో అయోధ్య గుడి తలుపుల కోసం లారీలెక్కి పోయింది. ఆ డిపో ఉన్న ఊళ్లోనే మన పిల్ల దుకాణం పెడుతోందంటే నాకెంత గర్వమో నీకు తెలియదు. కానీ వెనక్కి ఆనుకునే బెంచీలు అనేసరికి గుండె ఝల్లుమంది. ఫోన్‌లో అయితే కోపంలో తిడతానని, తెల్లారాక కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

స్క్రూ తల చెక్కలోకి దిగేలా గుంట వేసే కౌంటర్ సింక్ బిట్ల సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించావట. కొనేముందు నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయేది? సరే, కొన్నావు కాబట్టి ఎలా చూసుకోవాలో చెబుతాను.

ముందు బిట్టు పళ్లు లెక్కపెట్టు. ఐదారు పళ్లున్నది ఇనుప పనికి బాగుంటుంది. చేతి డ్రిల్లు మిషన్‌కు బిగించి చెక్క మీద పెడితే గడగడా కొట్టుకుంటుంది, గుంట అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. ఒకే పన్ను ఉన్నదో, ముక్కులోంచి ఏటవాలుగా ఒక రంధ్రం పోయి ఉన్నదో తీసుకుంటే చెక్కను నున్నగా గీరుతుంది. తర్వాత డబ్బా మీద డిగ్రీలు చూడు. మన దుకాణాల్లో సీఎస్‌కే స్క్రూ, అంటే గుంటలో కూర్చునే చదును తల స్క్రూ, అని అడిగితే ఇచ్చేదాని తల 90 డిగ్రీలు ఉంటుంది. అంగుళాల కొలత స్క్రూల కోసం చేసిన సెట్లు 82 డిగ్రీలతో వస్తాయి. ఆ గుంటలో మన స్క్రూ పెడితే తల అంచు ఒక్కటే ఆనుతుంది, కింద ఖాళీ ఉండిపోతుంది. పైనుంచి చూస్తే ఏ తేడా కనిపించదు.

టేకు మెత్తగా కోతకు వస్తుందని అనుకోకు. అందులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, అది బిట్టు పదును తినేస్తుంది. రోజూ టేకు పనే అయితే కార్బైడ్ మొన ఉన్నది ఒకటి కొనుక్కో. గుంటలో నలుపు కనిపించి, కాలిన వాసన వచ్చిందంటే బిట్టు మొద్దుబారినట్టు. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కొద్దు.

8 నంబరు స్క్రూకు టేకులో కింది చెక్కకు 3 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. పై చెక్కకు మాత్రం నాలుగున్నర వేయాలి, స్క్రూ అందులో వదులుగా జారాలి. నీ ఈడు పిల్లలు ఇక్కడే తొందరపడతారు, ఒకే రంధ్రం రెండు చెక్కల్లోంచి పోనిచ్చేస్తారు. స్క్రూ మర రెండు చెక్కలనూ పట్టుకుంటుంది, నువ్వెంత బిగించినా నడుమ సందు అలాగే ఉండిపోతుంది. రంధ్రం, గుంట ఒకేసారి వేసేలా కలిపి వచ్చే బిట్టులోనూ ఈ పొరపాటు జరుగుతుంది, చూసుకో. స్క్రూకు కొంచెం కొవ్వొత్తి రుద్దు. కౌంటర్ సింక్ వేసేటప్పుడు మిషన్ నెమ్మదిగా తిప్పు.

ఇక బెంచీల సంగతి.

2010 డిసెంబరులో ప్రాణహిత పుష్కరాలు వచ్చాయి. నువ్వు చిన్నపిల్లవి, మీ అమ్మ చంకలో ఉండి ఘాట్ చూశావు. అప్పటికి గోదావరి మీద వంతెన లేదు. కాళేశ్వరం వైపు నుంచి జనం పడవల్లో దిగేవాళ్లు, సిరొంచలో కాలు పెట్టే చోటు లేదు. యాత్రికులకు భోజనాలు పెట్టే ఒక ఇంటివాళ్లు వారంలో ఎనిమిది బెంచీలు కావాలన్నారు. నేను అప్పుడే కొత్తగా కరెంటు డ్రిల్లు కొన్నాను. చేతి బర్మాతో నాలుగు రోజులు పట్టే పని ఒక పూటలో అవుతుంటే నాకు ఒళ్లు తెలియలేదు.

వీపు ఆనే పలక నాలుగు సూత్‌లది, అంటే అరంగుళం. ముందువైపు స్క్రూ తలలు కనిపిస్తే అందం ఉండదని, ఆ పలకను నిలువు కాళ్లకు వెనకవైపు పెట్టి, వెనక నుంచే స్క్రూలు బిగించాను. మనిషి ఆనుకున్నప్పుడల్లా ఆ పలకను కాళ్ల నుంచి ఊడదీసినట్టే అవుతుందని, బరువంతా నాలుగు స్క్రూ తలల మీదే పడుతుందని నాకు తట్టలేదు. గుంట లోతు ఆపడానికి బిట్టుకు తొడిగే కాలర్ బిట్టుతోపాటే వచ్చింది, దాన్ని తీసి పక్కన పడేశాను. నా కన్ను చాలనుకున్నాను. 8 నంబరు స్క్రూ తలకు రెండున్నర, మూడు మిల్లీమీటర్ల గుంట చాలు. నేను ఎనిమిది, తొమ్మిది దాకా దింపాను. లోతుగా పోతే లప్పం బాగా పట్టుకుంటుందని అనుకున్నాను. టేకు పొట్టులో ఫెవికాల్ కలిపి ఆ గుంటలు పూడ్చి, ఇసుక కాగితంతో రుద్దాను. ఎక్కడ స్క్రూ ఉందో మర్నాడు నాకే కనిపించలేదు. మీ తాత వచ్చి పలక మీద అరచేతితో రాసి చూసి, 'పని నేర్చావురా' అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

మూడో రోజు పొద్దున మంథని వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ స్నానం చేసి, పొడి చీర కట్టుకుని, ఆ బెంచీ మీద కూర్చుని వెనక్కి ఆనుకుంది. పలకతో సహా వెల్లకిలా పడింది. పడుతూ చెయ్యి ఊతం పెట్టింది, మణికట్టు విరిగింది. నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. దారి పొడవునా ఆమె నన్ను ఓదార్చింది. 'నీ బల్లదేం లేదు నాయనా, నా ఒళ్లే బరువు' అంది. ఆమె ఒళ్లు ఎంత బరువని బిడ్డా, నలభై కిలోలు ఉంటుందేమో. తప్పు నాదని అప్పుడు చెప్పాలి. నేను నోరు విప్పలేదు. కట్టు కట్టించి, పడవ ఎక్కించి వచ్చాను.

సాయంత్రం వెళ్లి చూస్తే స్క్రూలు నాలుగూ కాళ్లలోనే నిటారుగా ఉన్నాయి, ఒక్కటీ ఊడలేదు. ఒక్కో తల కింద చొక్కా గుండీ అంత చెక్క ముక్క అంటుకుని ఉంది. పలకకు నాలుగు చోట్ల చిల్లులు పడ్డాయి. అరంగుళం పలకలో నేను ఆ తలల కింద మిగిల్చిన చెక్క అంతే. ఆ రాత్రి లాంతరు పెట్టుకుని మిగిలిన ఏడు బెంచీల లప్పమంతా మేకుతో తవ్వాను. అన్నీ అలాగే ఉన్నాయి. పలకలన్నీ విప్పి, కొత్తవి కాళ్లకు ముందువైపు బిగించాను. తలలు కనిపించాయి, కనిపించనీ.

నువ్వు కూడా వీపు పలకను ముందువైపే పెట్టు. స్క్రూ తల కనిపిస్తే అందం పోదు. ముందే గీత కొట్టి అన్నీ ఒకే వరసలో పెడితే చాలు. దాచి తీరాలి అంటే మందమైన పలక తీసుకో, ఆ చెక్కతోనే చిన్న బిరడాలు కోసి, నార ఒకే వైపు వచ్చేలా దిగ్గొట్టు. అప్పుడు కూడా తల కింద సగానికి పైగా చెక్క మిగలాలి. కాలర్‌కు ఉండే చిన్న స్క్రూను అలెన్ కీతో బిగించి, పది రంధ్రాలకోసారి మళ్లీ చూడు. మిషన్ అదురుకు అది వదులై పైకి జారుతుంది, నువ్వు గమనించేలోపు గుంట లోతవుతుంది. ఏ పలకకైనా ముందు దాని తునక మీద వేసి చూసుకోకుండా చెయ్యి పెట్టకు. కళ్లజోడు పెట్టుకో. జడ చున్నీ కింద కాదు, చొక్కా లోపల ఉండాలి. బిట్టును పట్టుకుని తిరిగే మిషన్ చక్ దేన్నీ వదలదు.

ఇంత రాశానని పని మానుకుంటావేమో అని ఇప్పుడు భయమేస్తోంది. మానకు. నీ చెయ్యి మంచిదని నువ్వు పీట చేసిన రోజే చూశాను, కాళ్లు నాలుగూ ఒక్కసారికే నేలకు ఆనాయి. మీ తాత బాడిసె నా దగ్గరే ఉంది, నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాను, అది నీదే.

బెంచీ మొదలుపెట్టే ముందు అదే పలక తునకలో మూడు గుంటలు వెయ్యి. ఒకదాన్ని నడిమధ్యగా రంపంతో కొయ్యి, లోపల ఎంత చెక్క మిగిలిందో కనిపించాలి. ఆ ముక్కను చంద్రపూర్ బస్సులో ఇటు వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపు. లప్పం మాత్రం పెట్టకు. నేను చూసి ఫోన్ చేస్తాను.

మీ పెద్దబాపు
సిరొంచ