17 లక్షల బీఎండబ్ల్యూకి ఖర్చులు మాత్రం 40 లక్షల కారువే

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు చేతికి 1.45 లక్షలు వస్తుంది. మియాపూర్ ఫ్లాట్ ఈఎంఐ 48 వేలు, సిప్‌లు 20 వేలు, బాబు స్కూల్ ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 55 వేలు. ఎఫ్‌డీలో 9 లక్షలు ఉన్నాయి. ఇప్పుడు వాడుతున్నది 2014 స్విఫ్ట్. ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న 2017 బీఎండబ్ల్యూ 320డీ, 78 వేల కిలోమీటర్లు తిరిగింది, 17 లక్షలకు ఇస్తామంటున్నారు. నేను మూడో ఓనర్‌ని అవుతాను. ఎఫ్‌డీ నుంచి 5 లక్షలు తీసి, మిగతా 12 లక్షలు లోన్ పెడదామని ఉంది. గచ్చిబౌలి ఆఫీసుకి రోజూ, ఖమ్మానికి నెలకు రెండుసార్లు కారు కావాలి. జర్మన్ కార్లు నెలకోసారి షెడ్డుకే పోతాయని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. నిజమేనా? ఈ వారంలోనే టోకెన్ అడ్వాన్స్ కట్టమని డీలర్ అడుగుతున్నాడు.

జవాబు: టోకెన్ కట్టకండి. ఈ కారు మీకు ఇప్పుడు వద్దు. అలాగని మీ ఫ్రెండ్స్ చెప్పింది పూర్తిగా నిజమని కాదు, వాళ్లు భయపడుతున్న విషయం వేరు, నేను భయపడుతున్న విషయం వేరు.

320డీ చెత్త కారేం కాదు. టైముకి ఆయిల్ మార్చి, ఎక్కువగా హైవే మీద తిప్పిన కారైతే లక్షన్నర కిలోమీటర్లు దాటినా బాగానే నడుస్తుంది. అందులోని జడ్‌ఎఫ్ 8 స్పీడ్ గేర్‌బాక్స్ ప్రపంచంలో మంచి ఆటోమేటిక్‌లలో ఒకటి. సమస్యల్లా ఆ కారుకి ఇంతవరకూ జరగాల్సిన పనులు జరిగాయా లేదా అన్నదే. మొదటి ఓనర్ కొత్త కారుతో పాటు సర్వీస్ ప్యాకేజీ తీసుకుంటాడు, నాలుగైదేళ్లు బిల్లు అంటే ఏంటో తెలియకుండా తిరుగుతాడు, ప్యాకేజీ, వారంటీ రెండూ అయిపోయే ముందు అమ్మేస్తాడు. రెండో ఓనర్ సొంత డబ్బుతో మెయింటెయిన్ చేయాల్సి వచ్చేసరికి కొన్ని చేయిస్తాడు, కొన్ని వాయిదా వేస్తాడు, పెద్ద బిల్లు కనపడగానే ఆయనా అమ్మేస్తాడు. అలా వాయిదా పడ్డవన్నీ మూడో ఓనర్ దగ్గర బయటపడతాయి. ఆ మూడో ఓనర్ మీరు.

ఈ కారులోనే చూడండి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీ చెబుతుంది, ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మీరు చూసింది సరిగ్గా 78 వేల దగ్గరుంది, అంటే ఆ ఖర్చు కొన్న కొన్ని నెలలకే మీ నెత్తిన పడుతుంది. ఇంజిన్ వాల్వులు టైముకి తెరుచుకుని మూసుకునేలా చూసే టైమింగ్ చైన్ సంగతీ అంతే. ఈ డీజిల్ ఇంజిన్లలో చైన్ ముందు వైపు కాకుండా వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. పాత ఎన్47 ఇంజిన్లలో అది అరిగిపోయిన కేసులు చాలా ఉన్నాయి. 2017 మోడల్‌లో వచ్చే బీ47 అంతకంటే మెరుగే, కానీ చైన్ ఉన్న చోటు మారలేదు కాబట్టి శబ్దం మొదలైతే చైన్ ధర కంటే విప్పి బిగించే కూలీయే ఎక్కువవుతుంది. ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచే ఈజీఆర్ కూలర్ గురించి కూడా తప్పకుండా అడగండి: 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా తగలబడ్డాయి, కూలర్‌లో కూలెంట్ లీకై మసితో కలవడమే కారణమని తేలి, ఆ ఏడాది కంపెనీ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లను రీకాల్ చేసింది. ఏ కారైనా సరే ఛాసిస్ నంబర్ ఇచ్చి, రీకాల్ పని పెండింగ్ ఉందేమో షోరూమ్‌లో కనుక్కోవాలి, దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ కారు కొత్తగా ఉన్నప్పుడు 40 లక్షల పైమాటే. ఇప్పుడు 17కి దిగింది. దాని హెడ్‌లైట్ ధర దిగలేదు. దాని టైరు, వాటర్ పంప్, సస్పెన్షన్ ఆర్మ్ ధరలూ దిగలేదు, ఏటా పెరుగుతూనే వచ్చాయి. మీరు కడుతున్నది 17 లక్షల కారు ధర, పోషించాల్సింది మాత్రం 40 లక్షల కారుని. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్ ఫ్లాట్ టైర్లు వస్తాయి, మన రోడ్ల గుంతల్లో పడి సైడ్‌వాల్ ఉబ్బితే పంక్చర్ షాపులో తేలే పని కాదు. బ్యాటరీ మార్చినా కంప్యూటర్ పెట్టి కారుకి రిజిస్టర్ చేయించాల్సిందే.

మీరు పంపిన అంకెలే వేసి చూద్దాం. సెకండ్ హ్యాండ్ కార్ లోన్ మీద 13 శాతం వడ్డీ అనుకుంటే, 12 లక్షలకి ఐదేళ్లకి ఈఎంఐ దాదాపు 27,300, మొత్తం వడ్డీ 4.38 లక్షలు. (లోన్ ముగిసేనాటికి కారు వయసు ఇంత దాటకూడదని చాలా బ్యాంకులు షరతు పెడతాయి, 2017 కారుకి ఐదేళ్లు ఇవ్వకపోతే ఈఎంఐ ఇంకా పెరుగుతుంది.) సర్వీసుకి ఏడాదికి 50 వేలు, టైర్ల వాటా 30 వేలు, ఇన్సూరెన్స్ 55 వేలు, రిపేర్లకి లక్ష, ఇది ఇలాంటి కారు కొనేవాళ్లకి నేను పక్కన పెట్టుకోమని చెప్పే అంచనా, నెలకి దాదాపు 19,600 అవుతుంది. ఆఫీసు, ఖమ్మం కలిపి నెలకు 1,400 కిలోమీటర్లు, లీటరుకి 14 వచ్చినా డీజిల్‌కి 9,500. మొత్తం 56 వేలు దాటింది. అన్నీ పోగా మీకు నెలకు మిగిలేది 22 వేలు. స్విఫ్ట్ పెట్రోల్ ఖర్చు తగ్గిందనుకున్నా ఈ లెక్క కుదరదు, ఒక్క ఈఎంఐకే చాలట్లేదు కదా. అప్పుడు ముందు ఆగేవి సిప్‌లు, తర్వాత క్రెడిట్ కార్డు మీద రిపేర్ బిల్లు, ఆ తర్వాత మిగిలిన ఎఫ్‌డీ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎలా ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు, నెలకు లక్ష దాటే తప్పనిసరి ఖర్చులున్న ఇంటికి ఆ 9 లక్షలు తొమ్మిది నెలల ఊపిరి. దాన్ని డౌన్ పేమెంట్ అనుకోవడమే నాకు అన్నిటికంటే టెన్షన్ పెడుతోంది.

ఢిల్లీ కారు ఎందుకు చవకో కూడా తెలుసుకోండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ), 2018లో సుప్రీంకోర్టు చెప్పాయి, అమలులో తర్వాత ఎన్ని మార్పులు వచ్చినా ఆ భయంతో అక్కడి డీజిల్ లగ్జరీ కార్లు దక్షిణానికి వస్తూనే ఉన్నాయి. ఇక్కడికి తెచ్చాక ఢిల్లీ ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ, తెలంగాణ నంబర్, లైఫ్ ట్యాక్స్. ఆ ట్యాక్స్ మీరు కొన్న 17 లక్షల మీద కాదు, కారు అసలు ధర, వయసు చూసి వేస్తారు. డీలర్ చెప్పిన రేటులో అది ఉందో లేదో కాగితం మీద రాయించుకున్నారా? మీ ఉత్తరంలో దాని మాటే లేదు.

ఇన్సూరెన్స్ కూడా ఊహించినంత ఆదుకోదు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. ఈ వయసు కారుకి, పార్టుల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డిప్రీసియేషన్ కవర్ దొరకడం కష్టం, దొరక్కపోతే క్లెయిమ్‌లో ప్లాస్టిక్, రబ్బరు పార్టుల ధరలో సగం, అయిదు నుంచి పదేళ్ల కారుకి ఇనుప పార్టుల్లో 40 శాతం మీ జేబు నుంచే పోతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకోకుండా వానాకాలంలో నీళ్లలోకి పోనిచ్చి ఇంజిన్ పట్టేస్తే సాధారణ పాలసీలో రూపాయి రాదు. నీళ్ల మాట వచ్చింది కాబట్టి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనం చూశాం. అలా మునిగినవి తుడుచుకుని మార్కెట్లోకి వస్తుంటాయి, ఏ ఊరి కారైనా సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి గీత చూడండి, సీటు కింద బోల్టుల తుప్పు చూడండి, ఎలక్ట్రానిక్స్ ఇంత ఉన్న కారు ఒకసారి మునిగిందంటే మళ్లీ కుదురుకోదు.

పెట్రోల్ మోడల్ అయితే బాగుంటుందేమో అని మీకు అనిపించవచ్చు. అక్కడ ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ సమస్య ఉంది. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన చాలా పెట్రోల్ కార్లు ఆ ఇంధనం కోసం చేసినవి కావు, మన బంకుల్లో ఇప్పుడు ఎక్కువగా దొరికేది అదే. కొనే ముందు ఆ మోడల్ మాన్యువల్‌లో ఎంత ఇథనాల్ వరకు పర్వాలేదో చూడాల్సిందే.

మీ కోరికని నేను తక్కువ చేయట్లేదు. కష్టపడి సంపాదించి మంచి కారు ఎక్కాలనుకోవడంలో తప్పేం లేదు, అది భయం లేకుండా నడిపే రోజున ఎక్కమంటున్నాను, అంతే. వచ్చే నెల నుంచి 20 వేలు ఆర్‌డీలో వేయండి. మూడేళ్లలో వడ్డీతో దాదాపు 8 లక్షలు, స్విఫ్ట్ అమ్మితే ఇంకో రెండు. అందులో 2 లక్షలు రిపేర్ ఫండ్‌గా వేరే ఖాతాలో ఉంచి, మిగతా 8 డౌన్ పేమెంట్, లోన్ 6 లక్షలు మించకుండా. అదీ చేతికి వచ్చే జీతం 1.75 లక్షలు దాటాకే. అప్పుడు కూడా మొదటి ఓనర్ కారు, తెలంగాణ రిజిస్ట్రేషన్, వీలైతే బీఎండబ్ల్యూ ప్రీమియం సెలెక్షన్, మెర్సిడెస్ సర్టిఫైడ్, ఆడి అప్రూవ్డ్ ప్లస్ లాంటి కంపెనీ స్కీముల్లో వారంటీతో వచ్చేదే చూడండి, బయటకంటే రేటు ఎక్కువ చెబుతారు, ఆ ఎక్కువకి విలువ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ సెస్ లేకుండా 40 శాతానికి తగ్గి కొత్త కార్ల ధరలే దిగాయి కాబట్టి, దానికి ముందు కొన్న రేటు చూపించి పాత కారు రేటు పెంచేవాళ్ల దగ్గర బేరం గట్టిగా ఆడండి.

ఈలోగా ఖమ్మం ప్రయాణాలకి స్విఫ్ట్ ఇబ్బంది పెడుతుంటే, మూడు నాలుగేళ్ల హోండా సిటీ లాంటిది స్విఫ్ట్ అమ్మిన డబ్బు పెట్టి చిన్న లోన్‌తో తీసుకోవచ్చు, ఈఎంఐ 12 వేలు దాటకూడదు, అప్పుడు ఆర్‌డీ 8 వేలకి తగ్గుతుంది, బీఎండబ్ల్యూ ఇంకొన్నేళ్లు వెనక్కి వెళ్తుంది. ఏది ముందో మీరూ మీ ఆవిడా కూర్చుని తేల్చుకోండి.

ఇంత చెప్పినా ఈ కారే కావాలనిపిస్తే, బీఎండబ్ల్యూ స్కానర్ ఉన్న బయటి వర్క్‌షాప్‌లో మీ డబ్బుతో చెక్ చేయించండి. డీలర్ చూపించే మనిషి వద్దు. రాత్రంతా ఆగిన ఇంజిన్‌ని పొద్దున్నే మీ ముందే స్టార్ట్ చేయించి వినండి. మీటరు ఒక్కటే నమ్మకండి, కంట్రోల్ మాడ్యూళ్లలో, కీలో నమోదైన కిలోమీటర్లు, షోరూమ్ సర్వీస్ రికార్డు మూడూ కలవాలి. రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో పాత లోన్ తాకట్టు తొలగిందో లేదో చూసుకోండి. ఇందులో ఏ ఒక్కదానికి డీలర్ ఒప్పుకోకపోయినా అక్కడి నుంచి వచ్చేయండి.